ఇంటి బీమా ఉన్నవారికి జాగ్రత్త: మీ పాలసీలో వరద ఉందో, తీసేశారో ఈరోజే చూసుకోండి

విశాఖపట్నంలోనూ చుట్టుపక్కలా బ్యాంకు రుణంతో ఇల్లు కొన్నవారికి, అందులోనూ 2021 ఏప్రిల్‌కు ముందు రుణంతో పాటే ఇంటి బీమా కూడా అంటగట్టించుకున్నవారికి ఈ హెచ్చరిక రాస్తున్నాను. బీమా ఉన్నదన్న ధైర్యంతో మూడేళ్లు నిశ్చింతగా ఉండి, ఇంట్లోకి నీళ్లు వచ్చిన తరువాత ఆ బీమాలో వరద ఒక్కటే లేదని తెలుసుకున్నవాడిని నేను. నాకు పోయింది 3,35,000 రూపాయలు. అందులో ఒక్క రూపాయి కూడా తిరిగి రాలేదు.

వేపగుంట నుంచి పెందుర్తి వెళ్లే రోడ్డుకు కాస్త లోపలగా, గెడ్డకు (వాగుకు) రెండు వీధుల ఇవతల, 2018లో మేము ఒక చిన్న ఇల్లు కొన్నాము. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో అద్దె ఇంట్లో ఉండి కళ్లారా చూసినవాళ్లం కాబట్టి, రుణం కాగితాల మీద సంతకాలు చేసే రోజున నేనే ప్రత్యేకంగా అడిగాను: "ఈ బీమా తుపానుకు, వరదకు పనికి వస్తుందా?" ఎదురుగా కూర్చున్న ఉద్యోగి, "అన్నీ ఉన్నాయి సార్, ఫైరు, తుపాను, వరద, భూకంపం. పిడుగు పడినా వస్తుంది" అన్నారు. ఆ మాట నాకు చాలనిపించింది. పదేళ్ల ప్రీమియాన్ని ఒకేసారి లెక్కగట్టి రుణంలోనే కలిపేశారు, అంటే ఆ ప్రీమియం మీద కూడా నేను ఈనాటికీ వడ్డీ కడుతున్నాను. పెన్సిల్‌తో ఇంటు గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెట్టుకుంటూ పోయాను. ముప్పై చోట్లకు తక్కువ ఉండవు. శుభలేఖ వస్తే ముహూర్తం ఎప్పుడో, భోజనాలు ఎక్కడో రెండుసార్లు చదువుతాము కానీ, ఇరవై ఏళ్ల అప్పు కాగితాన్ని ఒక్కసారి కూడా చదవము.

గులాబ్ తుపాను 2021 సెప్టెంబర్ 26 రాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటింది. గాలి శ్రీకాకుళం వైపు పోయిందని మేము ఊపిరి పీల్చుకునే లోపే వాన మా మీద పడింది. తెల్లవారుజామున మా ఇంటావిడ నీళ్ల చప్పుడు విని లేచి దీపం వేయబోతే కరెంటు లేదు. కాళ్లు మంచం దించితే చల్లగా తగిలాయి. మొదట నీళ్లు వీధి గుమ్మంలోంచి రాలేదు, స్నానాల గదిలోని తూము నుంచి, వంటింటి సింకు కింద నుంచి నల్లగా పైకి తన్నాయి. గంట తరువాత వెనుక ప్రహరీ గోడ పదిహేను అడుగుల మేర ఒరిగిపోయింది, అప్పుడు గెడ్డ నీరు నేరుగా లోపలికి వచ్చింది. మధ్యాహ్నానికి నీరు తీసేసరికి ఫ్రిజ్ పక్కకు వాలి ఉంది, వంటింటి కబోర్డుల ప్లైవుడ్ నానిన అట్టముక్కలా ఉబ్బిపోయింది, తలుపులు ద్వారబంధాలలో బిగుసుకుపోయాయి, సంపులో తాగే నీళ్ల స్థానంలో మురుగు నిలిచి ఉంది.

క్లెయిమ్ నమోదు చేసిన నాలుగో రోజున, నష్టాన్ని లెక్కగట్టే బీమా సర్వేయర్ వచ్చారు. మర్యాదస్తుడు, పని తెలిసినవాడు. హాలు గోడ మీద మిగిలిన బురద చారకు టేపు పెట్టి కొలిచి, 27 అంగుళాలు అని రాసుకొని, ఆ చార దగ్గర పెన్సిల్‌తో ఒక గీత గీసి ఫొటో తీసుకున్నారు. తరువాత పాలసీ కాగితం అడిగారు. దాన్ని మూడో పేజీ దాకా తిప్పి, కళ్లజోడు సవరించుకొని, "మాస్టారూ, ఇందులో ఎస్‌టీఎఫ్‌ఐ తీసేసి ఉందండీ" అన్నారు. పాఠశాలలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు ఆ నాలుగు అక్షరాలకు అర్థం తెలియలేదు.

స్టార్మ్, టెంపెస్ట్, ఫ్లడ్, ఇనండేషన్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలే అవి: తుపాను, పెనుగాలి, వరద, ముంపు. అప్పట్లో ఇళ్లకు ఎక్కువగా అమ్మిన అగ్నిప్రమాద, ప్రత్యేక ప్రమాదాల పాలసీలో ఈ నాలుగూ మామూలుగా కలిసే ఉండేవి, కానీ కొనుగోలుదారు వద్దనుకుంటే వాటిని తీసేయించుకొని ప్రీమియంలో కొంత తగ్గింపు పొందే వీలుండేది. భూకంపం సంగతి దీనికి తిరగబడి ఉండేది, అది మామూలుగా ఉండదు, అదనపు ప్రీమియం కడితేనే చేరుస్తారు. నా పాలసీలో భూకంపాన్ని డబ్బు కట్టించుకొని చేర్చారు, తుపానును, వరదను తగ్గింపు ఇచ్చి తీసేశారు. భూకంపాల ప్రమాదం తక్కువగా ఉండే రెండో జోన్‌లో అప్పట్లో ఉన్న ఊరికి, సముద్రం ఒడ్డున తుపాన్లకు ఎదురుగా కూర్చున్న ఊరికి, ఇంతకంటే తలకిందుల పాలసీ ఎవరు రాయగలరో నాకు తెలియదు.

నేను వద్దన్నానా? ప్రపోజల్ ఫారం, అంటే బీమా కోసం ఇచ్చిన దరఖాస్తు, నకలు తెప్పించుకొని చూశాను. ఎస్‌టీఎఫ్‌ఐ తొలగించాలా అన్న గడిలో టిక్కు ఉంది. ఆ టిక్కు నీలం సిరాతో ఉంది, కింద నా సంతకం నల్ల సిరాతో ఉంది. ఆ టిక్కు ఎవరు పెట్టారో నిరూపించగల సాక్ష్యం నా దగ్గర లేదు, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టినది మాత్రం నేనే. ఇందులో నా తప్పు లేదని నేను అనను. నోటితో "అన్నీ ఉన్నాయి" అన్న మాటకు బీమాలో విలువ లేదు, షెడ్యూల్‌లో, అంటే పాలసీ వివరాలు ఉండే పట్టికలో, అచ్చయిన మాటకే విలువ. క్లెయిమ్ తిరస్కరిస్తూ కంపెనీ పంపిన ఉత్తరంలో కూడా షెడ్యూల్‌లోని ఆ ఒక్క వాక్యమే ఉంది: ఎస్‌టీఎఫ్‌ఐ తొలగించబడినది.

వరద చేర్చి ఉన్నా నాకు పూర్తి నష్టం వచ్చేది కాదని తరువాత లెక్క వేసుకుంటే తెలిసింది, ఇది కూడా మీరు చూసుకోవలసిన విషయమే. బ్యాంకు బీమా చేయించేది తన అప్పుకు రక్షణగా. అందుకే నా పాలసీ కట్టడానికి మాత్రమే ఉంది, లోపలి సామానుకు లేదు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపులు, బీరువాలోని బట్టలు అన్నీ కలిపి పోయిన 1,35,000 రూపాయలు ఎలాగూ లెక్కలోకి వచ్చేవి కావు. ఇక కట్టడానికి జరిగిన నష్టం 2,00,000. ఇంటిని తిరిగి కట్టడానికి అప్పటి రేట్లతో 20 లక్షలు అవుతుండగా, పాలసీ మొత్తం రుణాన్ని బట్టి 12 లక్షలే వేశారు. తక్కువ విలువకు బీమా చేస్తే అదే దామాషాలో క్లెయిమ్‌ను కోసే నిబంధన ఆ పాలసీలో ఉంది కాబట్టి, రెండు లక్షల నష్టానికి 1,20,000 మాత్రమే లెక్కకు వచ్చేది.  ఆ మొత్తం కూడా ముందు వెళ్లేది బ్యాంకు చేతికే.

తిరస్కరణ తరువాత నేను చేసిన పొరపాటు ఇంకా పెద్దది. బ్యాంకు వారు "మేము కంపెనీతో మాట్లాడుతున్నాము, కాస్త ఓపిక పట్టండి" అని పద్నాలుగు నెలలు తిప్పారు. నేను వారానికి ఒకసారి వెళ్లి బెంచీ మీద కూర్చొని వచ్చేవాడిని, ఒక్క ఉత్తరం కూడా రాసి రసీదు తీసుకోలేదు. బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని పరిష్కరించే బీమా అంబుడ్స్‌మన్ అనే వ్యవస్థ ఉందని ఎవరో చెప్పేసరికి ఆలస్యమైపోయింది. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, వారు తిరస్కరించినా, 30 రోజులలో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిపోదనిపించినా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు, కానీ అది ఏడాది లోపు జరగాలి. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు, ప్రస్తుతం 50 లక్షల వరకు పరిహారం వివాదాలు వింటారు, ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇవన్నీ నాకు 2023లో తెలిశాయి, గడువు 2022లోనే తీరిపోయింది. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువు ఉంటుంది కాబట్టి అప్పటికి ఆ దారి ఇంకా మూసుకుపోలేదు, కానీ కాగితాలు చూసిన వకీలు నా సంతకం దగ్గర వేలు పెట్టి తల అడ్డంగా ఊపారు. అక్కడితో వదిలేశాను.

ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగే. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ వచ్చింది, సాధారణ బీమా కంపెనీలు ఏది అమ్మినా దాని నిబంధనలు ఒక్కటే. అందులో తుపాను, వరద, ముంపు, భూకంపం, కొండచరియలు విరిగిపడడం మొదటి నుంచే కలిసి ఉంటాయి. కట్టడానికి బీమా చేస్తే, ఆ మొత్తంలో 20 శాతం మేరకు, 10 లక్షలకు మించకుండా, ఇంట్లోని సాధారణ సామానుకు జాబితా ఇవ్వకుండానే రక్షణ వస్తుంది. తక్కువ విలువకు బీమా చేశారని క్లెయిమ్‌ను దామాషాలో కోసే పద్ధతి అందులో లేదు. ప్రమాదం కారణంగా ఏడు రోజులలోపు జరిగిన దొంగతనానికి కూడా వర్తిస్తుంది, నీళ్లలో ఇల్లు వదిలి బంధువుల ఇంటికి వెళ్లినవారికి ఇది ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. అయితే ఈ పాలసీతో పాటు కంపెనీలు తమ సొంత పేర్లతో, ఎంపికలు కలపడానికీ తీయడానికీ వీలున్న పాలసీలు కూడా అమ్ముతాయి. కాబట్టి మీ చేతిలో ఉన్నది ఏదో పేరు చూసి నిర్ధారించుకోండి. ఏజెంటు "అదే సార్ ఇది" అంటే నమ్మకండి.

ఈ కొత్త పాలసీలో కూడా మన ఊరి వాళ్లు ప్రత్యేకంగా చూడవలసిన మినహాయింపులు ఉన్నాయి. సముద్రం కానీ నది కానీ ఒడ్డును కోసుకుపోతే నేల కుంగి జరిగే నష్టం వర్తించదు. కొత్త కట్టడం సర్దుకోవడం వల్ల వచ్చే పగుళ్లూ, మట్టి పోసి పూడ్చిన నేల కుంగడం వల్ల వచ్చే నష్టమూ వర్తించవు. గెడ్డలూ చెరువులూ పూడ్చి వేసిన లేఅవుట్లు ఈ నగరం చుట్టూ ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. నగదు, దస్తావేజులు రావు. నగలకు విడిగా అదనపు రక్షణ కొనుక్కోవాలి. వాకిట్లో మునిగిన స్కూటరు కానీ కారు కానీ ఇంటి బీమా కిందకు రాదు, దానికి వాహన బీమాలో సొంత నష్టం భాగం ఉండాలి, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే అదీ రాదు.

మధురవాడలో నాలుగో అంతస్తులో ఉండే మా బావమరిది, "మాకు వరద ఏమిటి బావా" అంటాడు. హుద్‌హుద్ నాడు పై అంతస్తుల వాళ్లకు పగిలినవి కిటికీ అద్దాలు, ఎగిరినవి బాల్కనీ రేకులు. అవి వరద కాదు, గాలి, కానీ అది కూడా అదే నాలుగు అక్షరాలలో ఉంది, తీసేస్తే నాలుగూ కలిసే పోతాయి. పైగా సెల్లారులో మునిగే లిఫ్టు, మోటార్లు, జనరేటర్ ఫ్లాటు యజమానుల విడి పాలసీల కిందకు రావేమో, సంఘం పేరుతో పాలసీ ఉందో లేదో సంఘం సమావేశంలో ఒకసారి అడగమన్నాను.

నష్టం జరిగితే మాత్రం నీళ్లు తీయక ముందే గోడ మీది చారతో సహా ఫొటోలు తీయండి, పాడైన సామాను సర్వేయర్ చూసే వరకు పారేయకండి, వెంటనే కంపెనీకి తెలిపి క్లెయిమ్ సంఖ్య రాసుకోండి. నేను ఈ మూడూ సక్రమంగానే చేశాను, పాలసీ చదవడం ఒక్కటే చేయలేదు.

కాగితాలు దొరకనివారు బ్యాంకుకు ఫోన్ చేయకండి, ఉత్తరం రాసి రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. ఎక్కువ అడగనక్కరలేదు. పాలసీ షెడ్యూల్ పూర్తి నకలు ఇవ్వండి, అందులో తుపాను, పెనుగాలి, వరద, ముంపు చేర్చి ఉన్నాయా తొలగించారా రాతపూర్వకంగా చెప్పండి, బీమా మొత్తం ఇంటి నిర్మాణ ఖర్చును బట్టి వేశారా నా రుణాన్ని బట్టి వేశారా తెలపండి, సామానుకు రక్షణ ఉందా లేదా చెప్పండి అని నాలుగు వాక్యాలు చాలు. మా వీధిలో అదే శాఖలో రుణం తీసుకున్న అయిదు ఇళ్ల వాళ్లం ఈ ఉత్తరాలు ఇచ్చాము. నాది కాక మరో మూడు పాలసీలలో అదే వాక్యం ఉంది: ఎస్‌టీఎఫ్‌ఐ తొలగించబడినది. వారిలో ఇద్దరు పాత పాలసీని అలాగే ఉంచి విడిగా భారత్ గృహ రక్ష తీసుకున్నారు, నేనూ అదే చేశాను. మూడో ఆయనకు, తొలగించమని మీరే కోరారని బ్యాంకు జవాబు ఇచ్చింది. నీలం సిరా టిక్కు ఉన్న ఆ ఫారం నకలు పట్టుకొని ఆయన నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చారు, ఇద్దరం కలిసి అంబుడ్స్‌మన్ ఫిర్యాదుకు ముందు కంపెనీకి రాయవలసిన ఉత్తరం చిత్తుప్రతి తయారు చేస్తున్నాము.