ముఖానికెంత, మోతకెంత? సూది మీటర్ల యాంప్‌తో ఆరేళ్లు

వాడిన సెట్టు ఇదీ: ఎన్ని వాట్లు పోతున్నాయో చూపే రెండు సూది మీటర్లున్న ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ (స్పీకర్లను నడిపే పెట్టె), ఛానెల్‌కు 90 వాట్లు, బరువు 21 కిలోలు. దానికి పియానో నలుపు పూత వేసిన నిలువు స్పీకర్లు ఒక జత. విశాఖలో సముద్రపు గాలి తగిలే ఇల్లు, రోజుకు నాలుగైదు గంటల వాడకం. యాంప్‌కు 2.4 లక్షలు, స్పీకర్లకు 1.9 లక్షలు పడింది. కంపెనీ పేరుతో పని లేదు. కింద చెప్పేవన్నీ ఈ తరహా సోకుతో వచ్చేవి, ఏ పేరు తగిలించినా ఇంచుమించు ఇవే. శబ్దం సంగతి ముందే తేల్చేస్తాను: బాగుంది. కానీ అదే కంపెనీ మీటర్లు లేకుండా అమ్మే చిన్న మోడల్‌కూ దీనికీ కళ్లు మూసుకుంటే తేడా పట్టుబడలేదు. కళ్లు తెరిస్తే 70 వేలు తేడా.

ఆ 70 వేలు ఎక్కడికి పోయాయో పై మూత విప్పితే సగం తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ అదే, కరెంటు నిల్వ ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లు అవే, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల నంబర్లూ అవే. మారినవి ముందు పలక, మీటర్లు, వాటిని నడిపే చిన్న బోర్డు, పక్కల చెక్క పలకలు, కాళ్లు. ముందు పలకను మందపాటి అల్యూమినియం దిమ్మ నుంచి చెక్కి, సన్నటి పూసలతో కొట్టి మెరుపు చంపి, అనోడైజింగ్ (లోహం మీద గట్టి పొర పట్టించడం) చేస్తారు. రంగులో రవ్వంత తేడా వచ్చినా ఆ పలక పక్కకు పోతుంది. ఈ వ్యాపారంలో నోటి లెక్క ఒకటుంది: తయారీలో ఒక రూపాయి పెరిగితే షోరూమ్ ధరలో నాలుగైదు రూపాయలు పెరుగుతుంది. మధ్యలో కంపెనీ లాభం, పంపిణీదారు, డీలరు, రవాణా అన్నీ ఉంటాయి మరి. మన దేశంలో దాని మీద ఇంకో మెట్టు. 100 రూపాయల సరుకుకు 15 శాతం కస్టమ్స్ సుంకం అనుకుందాం. సుంకం మీద పది శాతం సర్‌ఛార్జి రూపాయిన్నర, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 137 దాటుతుంది. డీలరు మార్జిన్ దీని తర్వాతే. అంటే మీటరు వెనక వెలిగే ఆ దీపానికీ మీరు సుంకం కడుతున్నారు.

పాత ముఖాన్ని కొత్త ధరకు అమ్మడం ఈ పదేళ్లలో బాగా ముదిరింది. అన్నీ ఒకే రకం కావు. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) 1972 నాటిది, 2010లో ఆపేశారు. 2016లో ఎస్ఎల్-1200జీ పేరుతో 4,000 డాలర్లకు తెచ్చేసరికి పాత అభిమానులు కళ్లెర్రజేశారు. మరుసటి ఏడాదే అదే ముఖంతో జీఆర్ మోడల్ 1,700 డాలర్లకు వచ్చింది. పదడుగుల దూరం నుంచి రెంటినీ వేరుచేయడం కష్టం. ఎత్తి చూస్తే తెలుస్తుంది: జీ 18 కిలోలు, జీఆర్ 11.5. పళ్లెం ఒకదానిలో 3.6 కిలోలు, ఇంకోదానిలో 2.5. జీలో మోటారుకు రెండు రోటర్లు (తిరిగే భాగాలు), ముల్లును మోసే టోన్‌ఆర్మ్ మెగ్నీషియంది. అక్కడ ధర ముఖం చూసి పెరగలేదు, కడుపు చూసి పెరిగింది. అది మీకు అవసరమా కాదా అన్నది వేరే మాట.

జేబీఎల్ ఎల్100 క్లాసిక్ స్పీకర్ల సంగతి ఇంకో తీరు. 1970 నాటి ఎల్100 రూపాన్ని, ఆ చతురస్రాల నురుగు గ్రిల్‌తో సహా, 2018లో జత 4,000 డాలర్లకు దించారు. నేలకు దగ్గరగా, కాస్త వెనక్కి వాలి నిలబెట్టే స్టాండ్లకు వేరే డబ్బు. అసలు 1970ల గ్రిల్స్‌లో నురుగు కాలం గడిచేకొద్దీ పొడి పొడిగా రాలిపోయింది. పాలీయురిథేన్ నురుగు స్వభావమే అంత, గాలిలో తేమ దాన్ని మెల్లగా తినేస్తుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట నురుగు గ్రిల్ ఉన్న స్పీకరు కొనేవాళ్లు మార్పిడి గ్రిల్ ధర ముందే కనుక్కోవాలి. మరాంట్జ్ 2020లో మోడల్ 30 యాంప్‌తో కొత్త ముఖం తెచ్చింది. మధ్యలో గుండ్రటి కిటికీ, రెండు వైపులా నీడలో వెలిగే అలల పలకలు. రెండేళ్లకు అదే ముఖం 'సినిమా' శ్రేణి ఏవీ రిసీవర్ల (హోం థియేటర్ యాంప్‌ల) మీదా కనిపించింది. ముఖం సులువుగా మెట్లు దిగుతుంది, లోపలి సరుకు దిగదు. కాబట్టి ముఖం చూసి 'ఇదీ అదే కదా' అనుకోవద్దు.

ఒకే ముఖమున్న రెండు మోడళ్ల మధ్య డబ్బు దేనికి పెరిగిందో కాగితం మీదే చాలావరకు కనిపెట్టవచ్చు. చెక్క పలకల బరువు తీసేసి మిగతా బరువు పోల్చండి. 8 ఓమ్‌ల స్పీకరుకు (ఓమ్ అంటే కరెంటుకు అడ్డు ఎంతో చెప్పే కొలత) ఇచ్చిన వాట్లు 4 ఓమ్‌లకు ఎంతకు పెరిగాయో చూడండి. 90 కాస్తా 150 అయితే పవర్ సప్లయ్‌లో సత్తువ ఉంది, 110 దగ్గర ఆగితే లేదు. కెపాసిటర్ల మైక్రోఫారడ్లు (నిల్వ సామర్థ్యం), గరిష్ఠ విద్యుత్ వినియోగం కూడా పక్కపక్కన పెట్టండి. ఇవి నాలుగూ ఒకేలా ఉండి ధర మాత్రం ఎగిరిందంటే ఆ ఎగిరిందంతా ముస్తాబే. ముస్తాబుకు డబ్బివ్వడం తప్పని అనను, నేనూ ఇచ్చాను. దేనికిస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

ఇక మీటర్లు. కొనేముందు షోరూమ్‌లో సూదులు సగం దాకా ఊగుతుంటాయి, అక్కడ గట్టిగా మోగిస్తారు గనుక. ఇంట్లో లెక్క వేరు. స్పీకర్ల సెన్సిటివిటీ (ఒక్క వాటుకు మీటరు దూరంలో వచ్చే మోత) 87 డెసిబెల్, కూర్చునేది రెండున్నర మీటర్ల దూరం, సగటు మోత 75 డెసిబెల్ అనుకుంటే యాంప్ ఇచ్చేది వాటులో పదో వంతు. మీటరు చివరి గీత 100 వాట్లయితే ఇది దానికి 30 డెసిబెల్ కింద. సూది ఎడమ మూలన రెండు మిల్లీమీటర్ల మేర వణుకుతూ కూర్చుంటుంది. మీటరు కోసమే యాంప్ కొంటున్నవాళ్లు రేంజ్ మార్చే స్విచ్ ఉందా అని అడగాలి. పది రెట్లు తక్కువ స్కేలుకు మారే ఏర్పాటు ఉంటేనే రాత్రి పూట సూది ఆట కనిపిస్తుంది. వీయూ (వాల్యూమ్ యూనిట్, మోత స్థాయి చూపే పాత కొలత) తరహా సూది పూర్తిగా లేవడానికి 300 మిల్లీసెకన్లు పడుతుంది. అందుకే అది గాత్రాన్నీ వయొలిన్‌నూ చక్కగా అనుసరిస్తుంది, మృదంగం దెబ్బ మాత్రం సూది లేచేలోపే అయిపోతుంది. యాంప్ మీద భారం ఎంత పడుతోందో ఈ సూదిని చూసి తెలుసుకుందామంటే కుదరదు.

ఆరేళ్లలో మీటర్లతో వచ్చిన చిక్కులు మూడు. మొదటిది సూది అంటుకుపోవడం. మీటరు ముందున్న కిటికీ గాజు కాదు, యాక్రిలిక్ ప్లాస్టిక్. పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే స్థిర విద్యుత్ పట్టి సూదిని పైకి లాగి పట్టేసుకుంటుంది. చలికాలం పొడిగాలిలో, హైదరాబాద్ లాంటి చోట ఇది మరీ ఎక్కువ. మీటరు పాడైందని సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లనక్కర్లేదు. గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క అరగ్లాసు నీళ్లలో కలిపి, మెత్తటి గుడ్డకు అద్ది, పిండేసి, కిటికీ మీద ఒక్కసారి పలచగా రాసి ఆరనివ్వాలి. సూది ఠక్కున కిందికి దిగుతుంది. రెండోది వెలుగు తేడా. నాలుగో ఏడు నుంచి ఎడమ మీటరు కుడిదానికన్నా పసుపుగా, మందంగా వెలిగింది. కారణం తెల్ల ఎల్ఈడీల పూత వేడికి పండిపోవడం. మీటరు వెలుగు తగ్గించే డిమ్మర్‌ను మొదటి రోజు నుంచే సగంలో ఉంచాల్సింది, ఉంచలేదు. మార్చాల్సి వస్తే ఒక్కటి కాదు, రెండు వైపులా ఒకే ప్యాకెట్ ఎల్ఈడీలు వేయించండి, లేకపోతే తేడా అలాగే ఉంటుంది.

మూడోది మన ఇళ్లకే ప్రత్యేకం. మీటరు వెలుగుకు పురుగు, పురుగుకు బల్లి. పై మూత చీలికల్లోంచి దూరి, లోపలి వెచ్చదనానికి మరిగి, ఏదో ఒక రోజు పవర్ బోర్డు మీద రెండు కొసల్నీ ఒకేసారి తొక్కుతుంది. ఫ్యూజు పోతే అదృష్టం, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతే పాతికవేల మాట. పైన గుడ్డ కప్పడం పరిష్కారం కాదు, వేడి ఆగిపోతుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం. రెండు మూడు మిల్లీమీటర్ల కన్నాలున్న స్టీలు జాలీని మూత లోపలి వైపు, ఏ భాగానికీ తగలకుండా టెక్నీషియన్ చేత బిగించాలి. దోమల జాలీ వద్దు, దుమ్ము పట్టి మూసుకుపోతుంది. పైన 15 సెంటీమీటర్ల ఖాళీ ఎలాగూ ఉండాలి.

పియానో నలుపు పూత షోరూమ్ దీపాల కింద అద్దంలా మెరుస్తుంది. మన దుమ్ములో ఇసుక ఉంటుంది, పొడి గుడ్డతో తుడిచిన ప్రతిసారీ అది గీతలు గీస్తుంది. వాలు వెలుతురులో సాలెగూడులా కనిపించే ఆ గీతలు మొదటి ఏడాదిలోనే వచ్చేస్తాయి. ముందు కెమెరా రబ్బరు బంతితో గాలి ఊదాలి. తర్వాత మెత్తటి కుచ్చు బ్రష్షు. చివర్న మైక్రోఫైబర్ గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండి, ఒకే దిశలో, బరువు వేయకుండా. అద్దాలు తుడిచే నీలం స్ప్రే జోలికి వెళ్లొద్దు. యాక్రిలిక్ కిటికీ మీద పడితే మబ్బు పట్టినట్టవుతుంది, మళ్లీ పోదు. అదే ధరకు మ్యాట్ వాల్‌నట్ పూత ఉంటే కళ్లు మూసుకుని అది తీసుకోండి.

స్పీకర్ల అడుగు సంగతి ఏ బ్రోషర్‌లోనూ ఉండదు. కొత్త డిజైన్లలో స్పీకరు నేలకు అతుక్కుని మొలిచినట్టు కనిపించాలని కాళ్లను దాచేస్తున్నారు. మనం రోజూ తడిగుడ్డ పెడతాం. ఫినాయిల్ నీళ్లు ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన పలక) అంచులోకి పాకి, ఏడాది రెండేళ్లకు అడుగు పలక బిస్కెట్టులా ఉబ్బుతుంది. పూత ఎంత ఖరీదైనదైనా, అడుగున స్క్రూ కన్నాల దగ్గర పచ్చి ఎండీఎఫ్ బయటికే ఉంటుంది. కొన్న రోజే ఆ కన్నాల చుట్టూ, అంచుల మీద పాలీయురిథేన్ వార్నిష్ రెండు పూతలు వేసి, స్పీకర్లను కనీసం పాతిక మిల్లీమీటర్లు పైకి లేపాలి. స్పైకులు (మొనదేలిన లోహపు కాళ్లు) టైల్స్ మీద జారతాయి, గీతలూ పెడతాయి. వాటి కింద పెట్టే కంపెనీ ఇత్తడి గిన్నెలు నాలుగింటికి మూడు వేలు అడిగారు. ఐదు రూపాయల బిళ్లలు ఆరేళ్లుగా అదే పని చేస్తున్నాయి.

చెయ్యి రోజూ తగిలేది వాల్యూమ్ నాబ్‌కు. ఈ యాంప్‌లో డబ్బుకు తగ్గ వస్తువు ఏదైనా ఉందంటే అదే. గట్టి లోహం, వేళ్లకు బరువు తెలుస్తుంది, అక్షరాలు చెక్కి రంగు నింపినవి కాబట్టి చెరగలేదు. పక్కనున్న సెలెక్టర్ (ఏ ఇన్‌పుట్ వినాలో ఎంచే నాబ్) దగ్గర అచ్చు వేసిన అక్షరాలు తుడిచి తుడిచి మాసిపోయాయి. మకింటాష్ అనే అమెరికా యాంప్ కంపెనీ వాళ్లు అక్షరాల్ని గాజు పలక వెనక వైపు వేస్తారు, వేలు తగిలే చోట ఏమీ ఉండదు. అలాంటి అలంకారానికి ధర పెట్టినా అర్థముంది. సెలెక్టర్ నాబ్ చూడ్డానికి స్విచ్చులా ఉన్నా లోపల అది ఎన్‌కోడర్, అంటే తిప్పిన నొక్కుల్ని లెక్కపెట్టే భాగం. దుమ్ము పడితే ఒక నొక్కు తిప్పితే రెండు ఇన్‌పుట్లు దూకుతుంది. ప్లగ్ తీసేసి ముప్పై నలభై సార్లు అటూ ఇటూ తిప్పితే కొన్నాళ్లు దారికొస్తుంది. ఆ భాగం ధర వందల్లోనే. దాన్ని చేరాలంటే మాత్రం ఆ అందమైన ముందు పలక మొత్తం ఊడదీయాలి, కూలి నాలుగు వేలైంది. రిమోట్ మీద మెత్తటి రబ్బరు పూత మూడో వేసవికే బెల్లం పాకంలా జిగురు తేలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూతంతా గీకి తీసేశాక కింద మామూలు ప్లాస్టిక్ బయటపడింది, ఇప్పుడు శుభ్రంగా ఉంది.

ధర తగ్గుతుందని అమెరికా నుంచి బంధువుల చేత తెప్పించుకునే ముందు వెనక పలక చదవండి. '120 వోల్టులు, 60 హెర్ట్జ్' అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ (వోల్టేజీని 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టినా చిక్కే. 60కి కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ కోరులో 50 హెర్ట్జ్ దగ్గర ఇరవై శాతం ఎక్కువ అయస్కాంత ప్రవాహం పారుతుంది, గుయ్యిమంటూ వేడెక్కుతుంది. '50/60' అని ఉంటే ఫర్వాలేదు, యాంప్ తీసుకునే గరిష్ఠ వాట్లకు రెట్టింపు వీఏ (వోల్ట్-యాంపియర్, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యపు కొలత) ఉన్న స్టెప్‌డౌన్, ఎర్త్ పిన్ ఉన్నది చూసుకోవాలి. ఆ పరికరానికయ్యే ఖర్చు, రాని వారంటీ కలిపితే మిగిలేది మీరనుకున్నదాంట్లో సగం. 230 వోల్టుల సెట్టులో కూడా గుయ్యిమనే మోత వస్తే వెంటనే యాంప్‌ను అనకండి. సగం వేడి మీద నడిచే హెయిర్ డ్రయ్యర్ లాంటివి లైన్‌లోకి కాస్త డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) వదులుతాయి, గుండ్రటి టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అది పడదు. వాటిని ఆపి విని చూడండి.

షోరూమ్‌లో బేరం ఆడాల్సింది యాంప్ ధర మీద కాదు, అక్కడ వాళ్లు పెద్దగా దిగరు. అడగాల్సింది డిస్‌ప్లే పీస్. పక్క పలక మీద గీత ఉన్నదానికి ఇరవై శాతం దాకా తగ్గిస్తారు, ఆ గీత ఎలాగూ ఏడాదిలో మీ ఇంట్లో పడేదే. మీటరు వెలుగు రెండు వైపులా ఒకేలా ఉందో లేదో దీపాలు ఆర్పించి చూడండి. అసలు డబ్బా, లోపలి నురుగు దిమ్మలు తప్పకుండా తెచ్చుకోండి. 21 కిలోల యాంప్‌ను సర్వీస్‌కు పంపినా అమ్మినా, డబ్బా లేకపోతే మొదట వంగేది ముందు పలక మూలే.