షాపు వెబ్‌సైట్‌కు హోస్టింగ్: ఊళ్లోవాళ్ల దగ్గరా, పెద్ద కంపెనీలోనా, సొంత సర్వరా?

బెజవాడ బీసెంట్ రోడ్డు షాపులవాళ్లు, గుంటూరు బ్రాడీపేట కోచింగ్ సెంటర్లవాళ్లు, మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు అందరూ నన్ను అడిగేది ఒకటే: "ఏ హోస్టింగ్ తీసుకుంటే సైట్ ఆగకుండా ఉంటుందండీ?" హోస్టింగ్ అంటే మీ సైట్‌ను ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్ (సర్వర్)లో పెట్టుకునే అద్దె చోటు. వాళ్ల ముందు ఉండే దారులు ప్రధానంగా మూడు. సైట్ చేసిచ్చినవాళ్ల దగ్గరే హోస్టింగ్ కూడా తీసుకోవచ్చు. హోస్టింగర్, గోడాడీ, బిగ్‌రాక్ లాంటి కంపెనీల్లో నేరుగా షేర్డ్ ప్లాన్ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది) కొనుక్కోవచ్చు. లేదంటే డిజిటల్ ఓషన్, అమెజాన్ లైట్‌సెయిల్ లాంటి చోట మీ ఒక్కరికే సొంతంగా ఒక సర్వర్ అద్దెకు తీసుకోవచ్చు.

ప్రకటనల్లోని 99.9 శాతం అప్‌టైమ్ (సైట్ ఆగకుండా నడిచే సమయం) చూసి మాత్రం ఎంచుకోకండి. ఆ లెక్కన కూడా నెలకు సుమారు 43 నిమిషాలు సైట్ ఆగొచ్చు. అంతకు మించి ఆగితే సాధారణంగా అద్దెలో కొంత తగ్గిస్తారు. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు పోయిన చీరల ఆర్డర్లకు ఆ తగ్గింపు ఏ మూలకూ రాదు.

నేను అన్నిటికంటే ముందు చూసేది, సైట్ పడిపోయిన రోజు తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయని. డొమైన్, అంటే సైట్ పేరు, ఎవరి ఈమెయిల్‌తో రిజిస్టర్ అయింది? బ్యాకప్ ఎక్కడుంది? ఇంకో కంపెనీకి మారాలంటే ఎవరినైనా బతిమాలుకోవాలా? గుంటూరులో నాకు తెలిసిన ఒక వ్యాపారికి సైట్ చేసిచ్చిన కుర్రాడు డొమైన్, హోస్టింగ్ రెండూ తన అకౌంట్‌లోనే పెట్టుకున్నాడు. మనిషి మంచివాడే, పని కూడా బాగా చేసేవాడు. ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లాక నంబర్ మార్చాడు. రెన్యువల్ మెయిళ్లన్నీ అతనికే వెళ్లాయి, ఒక రోజు సైట్ ఆగింది. డొమైన్‌ను వేరే చోటికి మార్చుకుందామంటే ఆథ్ కోడ్ అనే రహస్య సంకేతం కావాలి. ఆ అకౌంట్‌లోకి వెళ్తే తప్ప అది రాదు.

అందుకే ఊళ్లో వాళ్లతో సైట్ చేయించుకోవడం నాకు ఇష్టమే గానీ, అకౌంట్లు వాళ్ల పేరున ఉంచడం నాకు అస్సలు నచ్చదు. ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, అవసరమైతే షాపుకొచ్చి కూర్చుని సరిచేస్తారు. ఆ సాయం ఏ పెద్ద కంపెనీ చాట్‌లోనూ దొరకదు. అకౌంట్ మీ షాపు ఈమెయిల్‌తో తెరిచి, వాళ్లకు విడిగా యాక్సెస్ ఇవ్వండి. అందులో మీ జీఎస్టీ నంబర్ కూడా వేస్తే బిల్లు మీ సంస్థ పేరునే వస్తుంది.

బ్యాకప్ సంగతి ఇంకా ముఖ్యం. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయింది. బ్యాకప్ కూడా అక్కడే ఉన్నవాళ్లకు ఏమీ మిగల్లేదు. పోనీ షాపు కంప్యూటర్‌లో కాపీ ఉంది కదా అనుకుందామా? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఎన్ని రోజులు నీళ్లలో ఉందో మనం చూశాం. కాబట్టి ఒక కాపీ హోస్టింగ్ కంపెనీ దగ్గర, ఇంకోటి గూగుల్ డ్రైవ్ లాంటి వేరే చోట ఉండాలి. ప్లాన్ కొనేముందు సపోర్ట్‌వాళ్లను సూటిగా అడగండి: బ్యాకప్ రోజూ తీస్తారా, వారానికోసారా? వెనక్కి తెచ్చుకోవడానికి వేరే డబ్బులు కట్టాలా? ఫైల్ మా కంప్యూటర్‌లోకి దింపుకోవచ్చా? కొన్నాక ఒకసారి నిజంగానే దింపి, తెరిచి చూడండి.

ఈ లెక్కన చిన్న షాపుకు, కోచింగ్ సెంటర్‌కు, మిర్చి వ్యాపారి కేటలాగ్ సైట్‌కు నేను చెప్పేది పెద్ద కంపెనీ షేర్డ్ ప్లానే. అందులో ఇండియా సర్వర్ ఎంచుకోండి. అమెరికా సర్వర్ అయితే కస్టమర్ ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య ఒక్కో రాకపోకకు 200 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది, ముంబై అయితే అందులో చిన్న వంతు చాలు. మొదటి రేటు చూసి మురిసిపోవద్దు, రెన్యువల్ రేటు అంతకు రెట్టింపు దాటడం మామూలే. "అన్‌లిమిటెడ్" అని రాసినా ప్రాసెసర్ వాడకానికి, ఫైళ్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది. పండగ ఆఫర్ పెట్టిన రోజు సైట్ బదులు "508" అనే ఎర్రర్ రావడానికి తరచూ కారణం ఇదే.

అలాంటి రద్దీ తరచూ వచ్చే చీరల సైట్‌కు సొంత సర్వర్ మేలు. డిజిటల్ ఓషన్‌కు బెంగళూరులో, లైట్‌సెయిల్‌కు ముంబైలో సర్వర్లున్నాయి. అద్దె నెలకు నాలుగైదు డాలర్ల నుంచి మొదలవుతుంది. డిజిటల్ ఓషన్‌లో వారం వారం బ్యాకప్‌కు అద్దెలో 20 శాతం అదనం, అది తప్పకుండా పెట్టించండి. అయితే అప్‌డేట్లు, సెక్యూరిటీ చూసుకునే మనిషి లేకపోతే ఈ దారి వద్దు, రోజూ టెన్షనే.

బ్లాగర్, గూగుల్ సైట్స్ లాంటి ఉచితాలు అడ్రస్, ఫోన్ నంబర్ చూపించడానికి సరిపోతాయి.

ఇప్పటికే వేరేవాళ్ల అకౌంట్‌లో ఇరుక్కున్నవాళ్లు ముందు డొమైన్‌ను మీ పేరుకు మార్పించుకోండి, హోస్టింగ్ తర్వాత చూసుకోవచ్చు. చీరల వ్యాపారమైతే పెళ్లిళ్లు లేని మూఢం రోజుల్లో ఈ పని పెట్టుకోండి. ముందు రోజే డీఎన్ఎస్ (డొమైన్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే సెట్టింగులు)లో టీటీఎల్‌ను 300 సెకన్లకు తగ్గించండి, అప్పుడు మార్పు త్వరగా అందరికీ చేరుతుంది. కొత్తచోట సైట్, పేమెంట్ రెండూ సరిగా పనిచేస్తున్నాయని తేలాక కూడా పాత హోస్టింగ్‌ను ఇంకో రెండు వారాలు ఉంచండి.