మునిగిన లగ్జరీ కార్లు మెరిపించి అమ్ముతున్నారు, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా వేరే రాష్ట్రం నంబరున్న జర్మన్ ఎస్‌యూవీ మీద మనసు పడ్డవాళ్లు, దయచేసి ఒక్క రోజు ఆగండి. మా బావగారికి నగరంలోని ఒక డీలర్ వరదలో మునిగిన బండిని అంటగట్టాడు. గొడవ ఇంకా నడుస్తోంది కాబట్టి డీలర్ పేరు, బండి కంపెనీ పేరు రాయడం లేదు. అలాంటి బండిని ఎలా పట్టుకోవాలో మాత్రం తెలిసినంతా రాస్తున్నాను.

ఏడేళ్ల వయసు, మూడు లీటర్ల డీజిల్, ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు), పెద్ద సన్‌రూఫ్, తమిళనాడు నంబరు. ఇక్కడ నడిచే ధర కంటే నాలుగు లక్షలు తక్కువ చెప్పారు. "ఓనర్ ఐటీలో పెద్ద పొజిషన్ సార్, చెన్నై నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాడు, ఇప్పుడు అమెరికా పోతున్నాడు, అందుకే ఈ రేటు" అన్నది డీలర్ మాట. పెయింట్ అద్దంలా ఉంది, సీట్ల లెదర్ కొత్త వాసన వేస్తోంది. ఔటర్ మీద నడిపి చూస్తే గేర్లు మెత్తగా పడుతున్నాయి, స్టీరింగ్ తిన్నగా ఉంది. బావగారు డబ్బు కట్టేసి, పెద్దమ్మ గుడిలో పూజ చేయించి ఇంటికి తెచ్చుకున్నారు.

కొన్నాళ్లు బాగానే తిరిగింది. వానలు మొదలయ్యాక అసలు కథ బయటపడింది. ముందు పార్కింగ్ సెన్సర్లు పిచ్చిగా కూయడం, తర్వాత మ్యూజిక్ సిస్టమ్ దానంతట అదే ఆగిపోవడం. పొద్దున లేచి చూస్తే వెనక కుడివైపు బండి కిందికి దిగి ఉండేది. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరలేదు. ఒక సాయంత్రం కోకాపేట దగ్గర, పిల్లలు వెనక సీట్లో ఉండగా, డాష్‌బోర్డు మీద లైట్లన్నీ ఒక్కసారి వెలిగి బండి ఆగిపోయింది. అక్కకి ఇప్పటికీ ఆ బండి ఎక్కాలంటే టెన్షనే.

టోయింగ్ బండి మీద మాకు తెలిసిన షెడ్డుకి చేర్చాం. స్కానర్ పెడితే స్క్రీన్ నిండా యూ అక్షరంతో మొదలయ్యే కోడ్‌లే వచ్చాయి. అంటే ఏదో ఒక పార్టు పాడైందని కాదు, కంట్రోల్ మాడ్యూళ్లు, అంటే బండిలో ఒక్కో పనిని నడిపే చిన్న కంప్యూటర్లు, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేశాయని. మెకానిక్ భాయ్ స్కానర్ పక్కన పెట్టి, డ్రైవర్ సీటు బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. సీటు పట్టాల మీద కొత్తగా కొట్టిన నల్ల స్ప్రే పెయింట్, గోటితో గీకితే కింద ఎర్రటి తుప్పు. కార్పెట్ పైన పొడిగా, శుభ్రంగా ఉంది. దాన్ని ఎత్తి కింద ఉన్న మందపాటి ఫోమ్‌ని పిండితే గోధుమరంగు నీళ్లు కారాయి. ఫోమ్ కింద, ఫ్లోర్ గుంటల్లో, మెత్తటి ఒండ్రు ఎండి పొరలుగా లేచిపోతోంది. వైరింగ్ కనెక్టర్లు ఊడదీస్తే పిన్నులన్నీ ఆకుపచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. చివరికి సీటు బెల్టు పూర్తిగా, ఇక లాగడానికి లేనంత వరకు లాగాడు. బెల్టు అడుగున మట్టి గీత. నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో ఆ గీతే చెప్పింది.

మరి టెస్ట్ డ్రైవ్‌లో ఎందుకు తెలియలేదు? మునిగిన మాడ్యూల్‌ని ఆరబెట్టి కరెంటిస్తే చాలాసార్లు పనిచేస్తుంది. లోపల మిగిలిన తేమ రాగి పిన్నుల్ని నెమ్మదిగా తినేస్తుంది. అందుకు నెలలు పడుతుంది. అమ్మేవాడికి కావలసిందీ ఆ నెలలే.

లగ్జరీ కార్లలో ఈ ముప్పు మామూలు కార్ల కంటే ఎక్కువ, కారణం వాటి ఇంజినీరింగే. బరువు కిందికి ఉండాలని, ముందువెనకలు సమంగా పంచాలని ఇంజినీర్లు బరువైన, ఖరీదైన సామాను అంతా అడుగుకి చేర్చారు. మొదటి తరం ఆడీ క్యూ7లో, డబ్ల్యూ164 తరం మెర్సిడెస్ ఎంఎల్‌లో బ్యాటరీ ముందు సీటు కింద ఉంటుంది. చాలా బీఎండబ్ల్యూల్లో డిక్కీ అడుగున ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ సాధారణంగా రెండు ముందు సీట్ల మధ్య కన్సోల్ కింద, అంటే దాదాపు ఫ్లోర్ మీదే. 2000ల నుంచి చాలా జర్మన్ కార్లలో ఆడియో, నావిగేషన్, ఫోన్ మాడ్యూళ్లన్నీ మోస్ట్ అనే ఫైబర్ ఆప్టిక్ రింగ్‌లో కట్టి ఉంటాయి. రింగ్‌లో ఒక్క మాడ్యూల్ చచ్చినా మొత్తం మూగబోతుంది. మోకాలి లోతు నీళ్లు ఇంజిన్‌ని తాకకపోయినా ఇవన్నీ మునిగిపోతాయి. "ఇంజిన్‌లోకి నీళ్లు పోలేదు సార్, చూసుకోండి" అని డీలర్ ధైర్యంగా అనగలిగేది ఇందుకే. ఆ మాట నిజమే కావచ్చు, దానివల్ల మీకు ఒరిగేది మాత్రం ఏమీ లేదు.

ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు దగ్గర టీ తాగుతూ మేం మిత్రులం గంటలు గంటలు వాదించుకుంటాం. మెర్సిడెస్ సీ63లో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ తీసేసి రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి హైబ్రిడ్ మోటారు తగిలించడం పాపమా, పుణ్యమా? బీఎండబ్ల్యూ ముందు గ్రిల్ అంత పెద్దది ఎందుకు? నాలుగు చక్రాలకీ శక్తినిచ్చే పద్ధతుల్లో ఆడీ క్వాట్రో మేలా, బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్ మేలా? నాకు ఈ వాదనలంటే ప్రాణం. ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చెయిన్‌ని (వాల్వులను వేళకి నడిపే గొలుసు) గేర్‌బాక్స్ వైపు పెట్టడం బీఎండబ్ల్యూ చేసిన తప్పు నిర్ణయమని నేను ఎక్కడైనా వాదిస్తాను. చెయిన్ మార్చాలంటే ఇంజిన్‌నో గేర్‌బాక్స్‌నో కిందికి దించాల్సిందే. మెర్సిడెస్ ఓఎం651 డీజిల్ ఇంజిన్‌లోనూ చెయిన్ వెనకవైపే. కానీ సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు బ్రాండ్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఈ ఒక్క బండి, ఈ చాసిస్ నంబరు, ఇన్నేళ్లు ఎక్కడ ఉంది, దాని మీద ఏం జరిగింది?

ఈ బండ్లు ఎక్కడినుంచి వస్తాయో కూడా తెలుసుకోండి. 2015 డిసెంబరులో, మళ్లీ 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి చెన్నైలో బేస్‌మెంట్ పార్కింగులు మునిగిపోయాయి. మన దగ్గర 2020 అక్టోబరులో టోలీచౌకి, ఫలక్‌నుమా, ఉప్పల్ వైపు కాలనీలకు కాలనీలే నీళ్లలో ఉన్నాయి, ఆ దృశ్యాలు ఎవరూ మర్చిపోలేదు. రిపేరు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద తీసుకుని ఓనర్‌కి డబ్బు ఇస్తుంది. తర్వాత ఆ బండి వేలంలో తక్కువకి పోతుంది. పనికిరాకుండా పోయిన బండి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. ఆ పని జరగకపోతే ఆర్‌సీ బతికే ఉంటుంది. వేలంలో కొన్నవాడు శుభ్రం చేయించి, వేరే ఊరికి పంపి, అదే ఆర్‌సీ మీద అమ్మేస్తాడు.

కాబట్టి బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు చేయాల్సింది బెల్టు లాగడం. ఐదు బెల్టులూ చివరిదాకా లాగండి. ఏడేళ్ల బండిలో బెల్టులు కొత్తగా మెరుస్తుంటే అదీ అనుమానమే, ఎందుకు మార్చారో అడగండి. సీటు ముందుకు జరిపి ఫోన్ టార్చితో కింద పసుపు రంగు ప్లగ్ చూడండి, అది ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్. దాని చుట్టూ మట్టిగాని చిలుముగాని ఉంటే బేరం అక్కడితో ఆపేయండి. డిక్కీ అడుగు మూత తీసి, అక్కడి గుంటలో చెయ్యి పెట్టి తడమండి. హెడ్‌లైట్ లోపల ఆవిరి, డోర్ రబ్బర్ల కింద ఒండ్రు కూడా చూడండి. అద్దాలన్నీ మూసి, ఏసీ ఆపి, ఎండలో పావుగంట ఉంచి డోర్ తెరవండి. పెర్‌ఫ్యూమ్ ఘాటు మరీ ఎక్కువగా ఉందంటే దాని కింద ముక్కవాసన దాచారేమో చూసుకోండి.

ఇవన్నీ దాటినా, ఆ బ్రాండ్ సొంత స్కానర్ ఉన్న వర్క్‌షాపులో లిఫ్ట్ మీద పెట్టించండి. ఆ ఖర్చు మీరే పెట్టుకోండి, వర్క్‌షాపు మీరే ఎంచుకోండి. డీలర్ "మా మనిషే చెక్ చేశాడు సార్" అని చూపించే కాగితానికి విలువ లేదు. కిలోమీటర్ల రీడింగ్ చాలా కార్లలో మీటర్లోనే కాక వేరే మాడ్యూళ్లలో కూడా నిలిచి ఉంటుంది. రెండూ కలవకపోతే మీటరు తిప్పారేమోనని అనుమానించండి.

కాగితాల్లో నేను అన్నిటికంటే ముందు చూసేది పాత బీమా పాలసీ. క్లెయిమ్ లేకుండా సాగిన పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఏటా పెరుగుతూ 50 శాతం దాకా వెళ్తుంది. బావగారి బండి పాలసీలో అది సున్నా. ఒకే ఓనర్, ఏడేళ్ల బండి, బోనస్ సున్నా అంటే ఎప్పుడో క్లెయిమ్ తీసుకున్నారని అనుమానించాల్సిందే. పాలసీ నంబరుతో ఆ బీమా కంపెనీకి ఫోన్ చేసి, ఏం క్లెయిమ్, ఎప్పటిది అని ఓనర్ చేతే అడిగించండి. ఓనర్ ఫోన్‌లోకి రాడు, అమెరికాలో ఉన్నాడు అంటే బండి వదిలేయండి.

వేరే రాష్ట్రం బండికి ఎన్ఓసీ (పాత ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం) ఉంటే సరిపోదు. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే తెలంగాణ నంబరు తీసుకోవాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. లగ్జరీ కారు అసలు ధర మీద ఆ పన్ను చూసుకుంటే డీలర్ తగ్గించిన లక్షల్లో చాలా భాగం అక్కడే పోతుంది. ఢిల్లీ డీజిళ్లది ఇంకో కథ. పదేళ్లు దాటిన డీజిల్‌కి అక్కడ నిషేధం వచ్చాక చాలా బండ్లు దక్షిణానికి దిగాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, కానీ తక్కువ ధరకి కారణం ముందు అడిగి తెలుసుకోండి.

గేర్‌బాక్స్ గురించి ఒక్క మాట. "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అంటే నమ్మకండి. చాలా లగ్జరీ కార్లలో ఉండే జడ్‌ఎఫ్ కంపెనీ 8 స్పీడ్ గేర్‌బాక్స్‌కి ఆ తయారీ సంస్థే 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమంటుంది. లక్ష దాటిన బండికి ఆ బిల్లు లేకపోతే దాని ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

ఇక మా గొడవ. ఫొటోలు, స్కాన్ రిపోర్టు తీసుకుని వెళితే డీలర్ చేతులు దులుపుకున్నాడు. "సెకండ్ హ్యాండ్ బండికి గ్యారంటీ ఎవరిస్తారన్నా, ఉన్నదున్నట్టు తీసుకుంటున్నానని మీరే సంతకం పెట్టారు కదా" అన్నాడు. అమ్మేటప్పుడు ఇచ్చిన వారంటీ కార్డు తిరగేస్తే, నీళ్ల వల్ల వచ్చే నష్టం, ఎలక్ట్రానిక్స్ వర్తించవని వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది. రిపేరు ఎస్టిమేట్ తడిసి మోపెడైంది. మాడ్యూళ్లు, వైరింగ్, సస్పెన్షన్ కంప్రెసర్ అన్నీ కలిపితే కొన్న ధరలో సగానికి దగ్గరగా వస్తోంది.

అయినా ఆ సంతకంతో అంతా అయిపోలేదు. బండి పరిస్థితి గురించి తప్పుడు మాట చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. కట్టిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. మీరు ఉండే చోటే వేయొచ్చు, రెండేళ్లలోపు వేయాలి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఇలాంటి బండి ఇప్పటికే కొన్నవాళ్లుంటే, పార్టులేవీ మార్చకముందే కార్పెట్ ఎత్తిన వీడియో తీసి పెట్టుకోండి. డీలర్ వాట్సాప్‌లో పెట్టిన "నాన్ యాక్సిడెంట్, నాన్ ఫ్లడ్" లాంటి మెసేజ్‌లు చెరపకండి. బావగారి దగ్గర ఆ మెసేజ్ ఉంది. మా లాయరు దాని ప్రింట్ జతచేసి నోటీసు పంపించారు.

నోటీసు అందాక కూడా ఆ డీలర్ దగ్గర ఇంకో రెండు తమిళనాడు నంబరు ఎస్‌యూవీలు అమ్మకానికి నిలబెట్టి ఉండటం మేం చూశాం. అడ్వాన్స్ ఇవ్వబోతున్నవాళ్లెవరైనా నాకు మెసేజ్ చేయండి. ఆదివారాలు ఖాళీగా ఉంటాను, టార్చి, చిన్న స్కానర్ తీసుకుని మీతో వస్తాను.