లోడింగు లెక్కకు బీఓడీనా, సీఓడీనా?

మురుగునీటిని సూక్ష్మజీవులతో శుద్ధి చేసే ట్యాంకు, అంటే రియాక్టర్‌పై సేంద్రియ భారం (లోడింగు) లెక్క చిన్నదే: రోజువారీ ప్రవాహాన్ని నీటిలోని సేంద్రియ పదార్థాల గాఢతతో గుణించి ట్యాంకు ఘనపరిమాణంతో భాగించాలి. రోజుకు 100 ఘనమీటర్ల నీరు, లీటరుకు 600 మిల్లీగ్రాముల సీఓడీ (నీటిలోని పదార్థాలను రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్), 50 ఘనమీటర్ల ట్యాంకు అనుకుంటే, ఘనమీటరుకు రోజుకు 1.2 కిలోలు. పేచీ అంతా ఆ గాఢతను ఏ పరీక్షతో తేల్చాలన్నదే: సీఓడీతోనా, బీఓడీతోనా (సూక్ష్మజీవులు ఆ పదార్థాలను తినడానికి వాడుకునే ఆక్సిజన్)?

సమయం: బీఓడీకి మన దేశ పద్ధతిలో 27 డిగ్రీల వద్ద 3 రోజులు. సీఓడీకి డైక్రోమేట్ అనే ఆక్సీకరణ రసాయనంతో 2 గంటల మరిగింపు.

ఖర్చు: బీఓడీకి రసాయనాలు చవక, ఇంక్యుబేటరు, ఓపిక కావాలి. సీఓడీకి వెండి, పాదరసం లవణాలు కావాలి. ఆ వ్యర్థాన్ని సింకులో పోసేవారిని ఏమనాలో!

తప్పు లెక్క ముప్పు: విశాఖలో అసలు తిరకాసు ఇక్కడే. రొయ్యల శుద్ధి యూనిట్ల నీటిలో ఉప్పు ఎక్కువైతే క్లోరైడ్ కూడా డైక్రోమేట్‌ను తినేస్తుంది. క్లోరైడ్‌ను అడ్డుకునే పాదరస సల్ఫేట్ చాలకపోతే లేని భారం కనిపిస్తుంది. పరవాడ మందుల పరిశ్రమల నీటిది దీనికి తలకిందుల సమస్య. అందులోని విషపదార్థాలు పరీక్ష సీసాలోని సూక్ష్మజీవులను అణచివేస్తే బీఓడీ తక్కువగా వస్తుంది. ఆ చిన్న అంకెను నమ్మి నీరు ఎక్కువగా వదిలితే రియాక్టర్ చతికిలపడుతుంది. నా దృష్టిలో ఈ రెండో తప్పే ప్రమాదకరం.

మధురవాడ అపార్ట్‌మెంట్ల ఇంటి మురుగుకు డిజైన్ బీఓడీతో చేయండి. రోజువారీ నిఘాకు సీఓడీ చాలు, రెండింటి నిష్పత్తిని అప్పుడప్పుడు సరిచూసుకుంటే. ఫ్యాక్టరీ నీటికి, ముఖ్యంగా మీథేన్ తీసే వాయురహిత రియాక్టర్‌కు, సీఓడీయే సరి: తొలగిన ప్రతి కిలో సీఓడీకి సిద్ధాంతరీత్యా సుమారు 0.35 ఘనమీటర్ల మీథేన్ రావాలి.