గ్రాంటా, ఫండా, విమానం టికెట్టా?

నాకు తెలిసిన ఒక కుర్రాడు నేలలో తేమను కొలిచి, చాలినంత ఉందనిపిస్తే మోటారును ఆపేసే చిన్న పరికరం తయారు చేశాడు. పోటీల్లో రెండు బహుమతులు వచ్చాయి. మనిషంత పొడవున్న అట్టచెక్కు పట్టుకుని ఫొటో దిగాడు. తిరిగి చెల్లించనక్కర్లేని గ్రాంటు ఒకటి కూడా అందింది. తర్వాత ఒక ప్రభుత్వ శాఖ టెండరు పిలిస్తే వెళ్లాడు. గత మూడేళ్ల టర్నోవరు చూపించమన్నారు. అతని కంపెనీ వయసు పద్నాలుగు నెలలు. స్టార్టప్‌లకు ఈ నిబంధన సడలించవచ్చన్న ఉత్తర్వు తీసి చూపిస్తే, "సడలించవచ్చు అని ఉంది గానీ సడలించాలి అని లేదు కదా" అన్నారట. ఆ అధికారికి వ్యాకరణం బాగా వచ్చు.

ప్రయోగశాలలో పుట్టిన వస్తువును బజారుకు చేర్చడానికి దేశాలు రకరకాల పథకాలు పెట్టాయి. మన నాయకులు విదేశాలకు వెళ్లి వచ్చినప్పుడల్లా ఇజ్రాయెల్‌లా చేద్దామని, తైవాన్‌లా చేద్దామని అంటుంటారు. ఏ ఊరి పథకం గురించి విన్నా నేను రెండు సంగతులే అడుగుతాను: నష్టం వస్తే ఎవరి జేబుకు చిల్లు? తయారైన సరుకును మొదట కొనేది ఎవరు?

ఇజ్రాయెల్ నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువగా వినిపించేది అదే. 1990 తర్వాత సోవియట్ దేశాల నుంచి అక్కడికి వలస వచ్చినవారిలో ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు చాలా మంది. విద్య ఉంది, ఆలోచనలు ఉన్నాయి. అమ్మడం తెలిసిన పెట్టుబడిదారులే లేరు. ప్రభుత్వం 1992లో ఇన్‌బల్ అనే పథకం పెట్టింది. కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని డబ్బు పెట్టే వెంచర్ ఫండ్లు స్టాక్ మార్కెట్‌కు వస్తే వాటికి 70 శాతం దాకా హామీ ఇస్తామంది. పథకం నడవలేదు. నష్టానికి ప్రభుత్వం పూచీ ఉన్నప్పుడు ఫండ్ నడిపేవారు కంపెనీల వెంటపడి పనిచేయరు కదా.

మరుసటి ఏడాది యోజ్మా వచ్చింది. హీబ్రూలో ఆ మాటకు చొరవ అని అర్థం. మొత్తం 10 కోట్ల డాలర్లు. అందులో ఎక్కువ భాగం పది ఫండ్లకు వెళ్లింది. ఒక్కోదానిలో ప్రభుత్వ వాటా సుమారు 40 శాతం. విదేశీ ఆర్థిక సంస్థ ఒకటి భాగస్వామిగా ఉండి తీరాలన్నది షరతు. కిటుకు మరోచోట ఉంది. ఫండ్ బాగా నడిస్తే, ప్రభుత్వ వాటాను అయిదేళ్లలోపు అసలు, వడ్డీ, లాభంలో చిన్న భాగం చెల్లించి భాగస్వాములే కొనుక్కోవచ్చు. అంటే ఇన్‌బల్ నష్టాన్ని కాస్తే, యోజ్మా లాభాన్ని తీపి చేసింది. పది ఫండ్లలో ఎనిమిది ఆ హక్కును వాడుకున్నాయి. 1990ల చివరికల్లా ప్రభుత్వం ఆ రంగం నుంచి తప్పుకుంది. పథకం పెట్టడం ఎవరికైనా వచ్చు, మూసేయడం కొందరికే వస్తుంది.

రూపకల్పనలో ఇంత అందమైన పథకం నేను మరొకటి చూడలేదు. అయినా మన దగ్గర దీన్నే ముందు తేవాలంటే నేను ఒప్పుకోను. అక్కడ ప్రభుత్వ పరిశోధన గ్రాంట్లు అప్పటికే ఏళ్లుగా నడుస్తున్నాయి. అమెరికాతో కలిసి పెట్టిన బర్డ్ ఫౌండేషన్ 1977 నుంచే రెండు దేశాల కంపెనీలను జతకడుతోంది. కట్టెలు ఎండి ఉన్నాయి, యోజ్మా అగ్గిపుల్ల గీసింది. మన కేంద్రం కూడా 2016లో 10,000 కోట్ల రూపాయలతో, చిన్న పరిశ్రమలకు అప్పులిచ్చే సిడ్బీ బ్యాంకు ద్వారా, ఫండ్లకు పెట్టుబడి ఇచ్చే నిధి పెట్టింది. తప్పు పని కాదు. కానీ వెంచర్ ఫండ్ ఆయువు సాధారణంగా పదేళ్లు. టీకాకో కొత్త యంత్రానికో అంత కాలం ఒక్కోసారి చాలదు.

అమెరికా పద్ధతిలో ఇంత మెరుపు లేదు. జాతీయ సైన్స్ ఫౌండేషన్‌లో రోలండ్ టిబెట్స్ అనే అధికారి 1970ల్లో చిన్నగా మొదలుపెట్టినది 1982లో చట్టమైంది. చిన్న కంపెనీల పరిశోధనకు గ్రాంట్లిచ్చే ఆ పథకం పేరు ఎస్‌బీఐఆర్. బయటి సంస్థల పరిశోధనకు ఏటా 10 కోట్ల డాలర్లకు మించి ఇచ్చే ప్రతి కేంద్ర సంస్థా అందులో ఒక వంతు చిన్న కంపెనీలకే కేటాయించాలని ఆ చట్టం చెప్పింది. ఆ వంతు పెరుగుతూ 3.2 శాతానికి చేరింది. ప్రభుత్వం వాటా అడగదు. మొదటి దశలో ఆలోచన పనిచేస్తుందో లేదో తేల్చాలి, రెండో దశలో నమూనా చేయాలి. మూడో దశకు ఈ పథకం నుంచి పైసా రాదు. కానీ అసలు బలం అక్కడే ఉంది: ఆ వస్తువు నచ్చితే, మళ్లీ పోటీ టెండరు పిలవకుండా ప్రభుత్వ సంస్థ నేరుగా కొనవచ్చు. మా కుర్రాడికి కావలసింది ఆ ఒక్క వాక్యమే.

ఫోన్ చిప్‌ల క్వాల్‌కామ్, ఇల్లు ఊడ్చే రోబోల ఐరోబోట్ వంటి కంపెనీలు తొలినాళ్లలో ఈ సొమ్ముతో నడిచినవే. లోపం లేదా అంటే ఉంది. దరఖాస్తు రాయడంలోనే ఆరితేరి, గ్రాంటు తర్వాత గ్రాంటుతో బతికే కంపెనీలు తయారయ్యాయి. వాటిని అక్కడివాళ్లు ఎస్‌బీఐఆర్ మిల్లులు అంటారు. సబ్రీనా హోవెల్ అనే ఆర్థికవేత్త అమెరికా ఇంధన శాఖ గ్రాంట్లను పరిశీలించి 2017లో ప్రచురించిన ఫలితం ఆలోచింపజేస్తుంది. చిన్నదైన మొదటి దశ గ్రాంటు అందిన కంపెనీకి ఆ తర్వాత వెంచర్ పెట్టుబడి దొరికే అవకాశం దాదాపు రెట్టింపైంది. పెద్దదైన రెండో దశ గ్రాంటు వల్ల ఆ మేలు కనబడలేదు. తక్కువ మొత్తం, ఎక్కువ మందికి, త్వరగా ఇవ్వడం మంచిదని నేను దీన్ని అర్థం చేసుకుంటాను.

తైవాన్ దారి వేరు. 1973లో ఐటీఆర్‌ఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ పెట్టారు. 1976లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏతో ఒప్పందం చేసుకుని, చిప్‌ల తయారీ నేర్చుకురమ్మని యువ ఇంజనీర్లను పంపారు. ఆ సంస్థ నుంచే 1980లో యూఎంసీ, 1987లో టీఎస్‌ఎంసీ అనే చిప్ కంపెనీలు పుట్టాయి. టీఎస్‌ఎంసీలో ప్రభుత్వం దాదాపు సగం పెట్టుబడి పెట్టింది, ఫిలిప్స్ నాలుగో వంతుకు పైగా పెట్టింది. ఫలితంలో దీనికి సాటి లేదు. కానీ ఒప్పందానికీ టీఎస్‌ఎంసీకీ మధ్య పదకొండేళ్లు. ఆ ఏళ్లన్నీ తైవాన్‌లో సైనిక శాసనమే, దాన్ని ఎత్తేసింది కూడా 1987లోనే. ప్రభుత్వం మారితే పథకం బోర్డు మీద పేరు మారే మన చోట ఆ ఓపిక ఎక్కడి నుంచి తేవాలి?

చిలీ కథ చిన్నది. 2010లో స్టార్టప్ చిలీ పేరుతో విదేశీయులకు వీసా, వాటా అడగని 40,000 డాలర్లు ఇచ్చి రమ్మన్నారు. వచ్చారు, చాలా మంది గడువు తీరగానే వెళ్లిపోయారు. తర్వాత జరిగిన అధ్యయనంలో డబ్బు, కూర్చోవడానికి చోటు మాత్రమే ఇచ్చినవారిలో తేడా కనబడలేదు. వాటికి తోడు గట్టి శిక్షణ అందినవారే ముందుకు సాగారు. చోటు కోసం పెద్ద భవనాలు కట్టే మన ప్రభుత్వాలు చదవాల్సిన అధ్యయనం అది.

ఇక మన సంగతి. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1993లో మొదలైనప్పుడు దానికి ఊపిరి పోసిన పెట్టుబడి ఒమన్ నుంచి వచ్చింది. 1997లో హెపటైటిస్-బి టీకా వచ్చింది. పసిపిల్లల్లో రోటావైరస్ విరేచనాలను అడ్డుకునే టీకా రోటావాక్ కథ ఇంకా పొడవు. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పసిపిల్లల నుంచి దొరికిన వైరస్ రకం, భారత్-అమెరికా ఉమ్మడి పరిశోధన, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, విదేశీ దాతలు, చివరకు భారత్ బయోటెక్ తయారీ. 2016లో అది జాతీయ టీకాల కార్యక్రమంలో చేరింది. గ్రాంట్లు అన్నేళ్లు నడిపించిన మాట నిజమే. ఆఖరి అడుగు మాత్రం కొనుగోలుదారు వేయించాడు. ఆ కొనుగోలుదారు ప్రభుత్వమే.

అందుకే నా ఓటు ఎస్‌బీఐఆర్‌కు, అందులోనూ దాని మూడో దశకు. రక్షణ శాఖ 2018లో తెచ్చిన ఐడెక్స్ పథకం దీనికి దగ్గరగా ఉంటుంది: ముందు గ్రాంటు, ఆ వెనుక కొనుగోలుకు దారి. ఆరోగ్యం, సాగునీరు, విద్యుత్తు శాఖలు రాష్ట్ర స్థాయిలో అదే చేయవచ్చు. వాటి కొనుగోలు బడ్జెట్లతో పోలిస్తే కొత్త కంపెనీలకు చోటిచ్చి పెంచే ఇంక్యుబేటర్లకు పెట్టే ఖర్చు చిల్లర. యోజ్మా వంటిది ఆ తర్వాత, అమ్మకాలున్న కంపెనీలు ఓ పాతిక తయారయ్యాక పనికొస్తుంది.

ఆ కుర్రాడు ఇప్పుడు తన పరికరాన్ని డ్రిప్ సామగ్రి దుకాణాల ద్వారా అమ్ముతున్నాడు. ఈ మధ్య అదే శాఖ మళ్లీ టెండరు పిలిచింది. ఈసారి మూడేళ్ల లెక్కలూ పట్టుకుని వెళ్లాడు. నిబంధన అయిదేళ్లకు పెంచారట.