ఎఫ్-35 గొప్పదే, కానీ మనకు రఫేల్ నయం

మన వాయుసేనకు అమెరికా యుద్ధవిమానం ఎఫ్-35 మేలా, ఫ్రాన్స్ యుద్ధవిమానం రఫేల్ మేలా అన్నది ప్రశ్న. రాడార్‌కు చిక్కకుండా చొరబడటంలో ఎఫ్-35కు రఫేల్ సాటి రాదు. ఎఫ్-35 ఆయుధాలను పొట్టలోనే దాచుకుంటుంది. రఫేల్ క్షిపణులు, బాంబులు బయటే వేలాడతాయి. కాకపోతే రఫేల్‌కు రెండు ఇంజిన్లు, వేగమూ కాస్త ఎక్కువ.

కానీ కొంటే సరిపోదు, దశాబ్దాల పాటు విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అందాలి. అసలు టెన్షన్ అక్కడే. రష్యా ఎస్-400 గగనతల రక్షణ క్షిపణి వ్యవస్థలు కొన్నందుకు నాటో సభ్యదేశమైన తుర్కియేనే 2019లో అమెరికా ఎఫ్-35 కార్యక్రమం నుంచి తప్పించింది. ఎస్-400లు మన దగ్గరా ఉన్నాయి. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు మన సొంత యుద్ధవిమానం తేజస్ పనులను దెబ్బతీశాయి. ఫ్రాన్స్ ఆంక్షలు పెట్టలేదు. మరుసటి ఏడాది కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్‌పై లేజర్ బాంబులు వేసింది ఫ్రెంచి మిరాజ్-2000 యుద్ధవిమానాలే.

ఫ్రాన్స్ కూడా 2015లో రష్యాకు మిస్త్రాల్ యుద్ధనౌకల అమ్మకం రద్దు చేసుకుంది, నిజమే. మనకు మాత్రం అలాంటి దెబ్బ తగల్లేదు, అందుకే నా ఓటు రఫేల్‌కే.