స్కూష్‌తో ఆరేళ్లు, కొన్ని వందల చీరలు

చీరల షాపులకు వెబ్‌సైట్లు చేసిపెట్టే పని నాది. కోడ్ రాయడం కన్నా ఫోటోలు సర్దడానికే ఎక్కువ టైమ్ పోతుంది. ఫోన్‌లో తీసిన ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ. అలాగే పెట్టేస్తే పేజీ తెరుచుకునేలోపే చూసేవాళ్లు వెళ్లిపోతారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నేను ముట్టుకోకముందే నలిగిపోయి వస్తుంది. అందుకే ప్రతి షాపులోనూ నా మొదటి మాట ఇదే: "అన్నా, ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి."

ఫోటోల సైజు తగ్గించడానికి గూగుల్ క్రోమ్ బృందం 2018లో తెచ్చిన స్కూష్ అనే టూల్‌ని 2019 నుంచి వాడుతున్నాను. ఉచితం, బ్రౌజర్‌లోనే పని చేస్తుంది. ఫోటో వేయగానే మధ్యలో నిలువు గీత వస్తుంది. ఒక పక్క అసలు ఫోటో, ఇంకో పక్క కంప్రెస్ చేసింది. గీతను అటూ ఇటూ జరుపుతూ ఎక్కడ చెడిందో కళ్లతో చూసుకోవచ్చు. ఫోటో ఏ సర్వర్‌కీ వెళ్లదు, పనంతా మన కంప్యూటర్‌లోనే. ఇంకా అమ్మకానికి రాని డిజైన్లు పంపేవాళ్లకు ఈ మాట చెబితే సగం టెన్షన్ పోతుంది.

దీని విలువ నాకు తెలిసింది ఒక పోచంపల్లి ఇక్కత్ దగ్గర. నల్ల చీర మీద ఎర్ర డిజైన్. వెబ్‌పి అనే ఫోటో ఫార్మాట్, క్వాలిటీ 75 పెడితే సైజు 140 కేబీకి దిగింది, సంతోషించాను. షాపాయన చూసి "ఇదేంటి బాబూ, ప్రింట్ చీరలా ఉంది" అన్నారు. ఇక్కత్‌లో నూలుకి ముందే రంగులద్ది నేస్తారు కాబట్టి డిజైన్ అంచు కాస్త చెదిరే ఉంటుంది. ఆయన కన్ను ఆ చెదురు కోసమే వెతుకుతోంది. నా ఫోటోలో అది అలుక్కుపోయి ఉంది. లాసీ వెబ్‌పి (అంటే సైజు కోసం కొంత వివరం వదిలేసే రకం) వెలుగునీడల్ని ప్రతి పిక్సెల్‌కీ ఉంచుతుంది గానీ, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పున దాస్తుంది. మనుషుల ఫోటోల్లో ఇది కనిపించదు, ఎరుపూ నలుపూ తగిలే చోట బయటపడుతుంది. స్కూష్‌లోనే జేపెగ్ ఫైళ్లు చేసే మోజ్‌జేపెగ్‌కి మారి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఆటో క్రోమా సబ్‌శాంపిలింగ్ (రంగును ఇలా తగ్గించి దాచడం) టిక్కు తీసి, విలువ 1 చేశాను, అంటే రంగు కూడా ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది. నూలు నూలుగా కనిపించింది. సైజు 210 కేబీ అయింది. కానివ్వండి, ఆ 70 కేబీ దగ్గర నేను పిసినారితనం చూపను.

ఏవిఫ్ అనే ఇంకో ఫార్మాట్‌లో ఫైలు ఇంకా చిన్నగా వస్తుంది, వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ కూడా 2024లో వచ్చిన 6.5 వెర్షన్ నుంచి తీసుకుంటోంది. నా పాత ల్యాప్‌టాప్‌లో మాత్రం పెద్ద ఫోటో ఇచ్చి టీ పెట్టుకుని రావచ్చు.

అసలు లోటు, ఒకసారికి ఒకే ఫోటో. కమాండ్ టైప్ చేసి నడిపే కమాండ్ లైన్ వెర్షన్ ఉండేది, దాన్ని ఆపేశారు. దసరాకి రెండు వందల చీరలు వస్తే స్కూష్‌తో కూర్చోలేం. రకానికి ఒక చీర ఇందులో చూసి సెట్టింగ్ తేల్చుకుంటాను, మిగతావన్నీ ఒకేసారి బోలెడు ఫోటోలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్‌కి అప్పగిస్తాను. అక్కడ ఒకసారి నా చేతులు నేనే కాల్చుకున్నాను. దాని మోగ్రిఫై కమాండ్‌కి వేరే ఫోల్డర్ చెప్పకపోతే అసలు ఫైళ్ల మీదే రాసేస్తుంది. అన్నీ 800 పిక్సెళ్లకు కుంచించుకుపోయాయి. నెల తర్వాత షాపువాళ్లు జూమ్ కావాలన్నారు. వాళ్ల ఫోన్లలో ఆ ఫోటోలు ఎప్పుడో డిలీట్ అయిపోయాయి. చీరలు అమ్ముడైపోయాయి కూడా. ఇప్పుడు 'అసలు' అనే ఫోల్డర్‌ని రీడ్ ఓన్లీ చేశాకే పని మొదలుపెడతాను.

ఇంకో సంగతి, స్కూష్ ఫైలు పేరు మార్చదు, ఎక్స్‌టెన్షన్ ఒక్కటే మారుస్తుంది. పేర్ల పని మనదే. తెలుగు మీద ప్రేమతో ఒక సైట్‌లో అన్నిటికీ తెలుగు పేర్లు పెట్టాను. లింక్ కాపీ చేస్తే 'చీర' అన్న రెండక్షరాలు శాతం గుర్తులతో కలిపి 27 అక్షరాలయ్యాయి. షాపాయన ఆ లింక్ చూసి ఫోన్‌కి వైరస్ వచ్చిందేమోనని నాకు కాల్ చేశారు.